మా వసారాలోని ఆవిరియంత్రము



మా యింటికి వచ్చిన చుట్టములు వసారాలో నడుగు పెట్టినతోడనే వేయు ప్రశ్న యొక్కటే: "మీ యింట కంసాలిపని యెవరు చేయుదురమ్మా?" మా వారు బడిలో పాఠములు చెప్పువారు, కంసాలి కారు, కమ్మరియు కారు. అయినను వసారా మూలను ఒక బల్ల, దానికి బిగించిన యినుప వైసు, గోడకు వ్రేలాడు ఆకురాళ్ళు, రంపములు, సుత్తులు, క్రింద కొయ్యపెట్టెలో ఇత్తడి తునకలు చూచినవారికి ఆ సందేహము కలుగుట సహజమే. సెలవుదినములలో వారచ్చట కూర్చుండి చిన్న యంత్రములను చేయుదురు. అవి పెద్ద యంత్రములకు నమూనాలు. అరచేతిలో నిలుచునంతటివే యైనను నిజముగా తిరుగునవి. దీనికి వ్యసనమని పేరు పెట్టినది మేమే. ఆ పేరును మేమే యెట్లు మార్చుకొనవలసి వచ్చెనో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తడ గ్రామము తిరుపతి జిల్లాలో, తమిళదేశపు పొలిమేరను, పులికాటు సరస్సునకు పడమటి వైపున నున్నది. చెన్నపట్టణమునకు పోవు రైలుమార్గము ఊరిమీదుగానే పోవును. సరస్సునకు ఆవల, ఈశాన్యమున శ్రీహరికోట. అచ్చట రాకెట్టు ఎగయు దినమున ఊరివారందరును మిద్దెలెక్కుదురు. మొదట వెలుగు, తరువాత పొగచార కనబడును. నిమిషము గడచిన పిమ్మటగాని ఉరుమువంటి ధ్వని మా చెవిని బడదు. ధ్వని క్షణమునకు రమారమి 340 మీటర్లు మాత్రమే పోవునని మా వారు పిల్లల చేతికి గడియారమిచ్చి లెక్క కట్టింతురు.

ఇట్టి యూర బడిపిల్లలు రాకెట్టు బొమ్మలు చేయకుండుట యెట్లు? ఒకనాడు మా వారు వారిచే ఎస్.ఎల్.వి. 3 నమూనా చేయించిరి. శ్రీహరికోట నుండి 1979 ఆగస్టు 10వ తేదీన ఆ రాకెట్టును మొదటిసారి ప్రయోగింపగా అది గమ్యము చేరక సముద్రములో బడెను. మరుసటి యేడు, 1980 జూలై 18వ తేదీన, రోహిణి యను 35 కిలోల ఉపగ్రహమును అదే తరగతి రాకెట్టు కక్ష్యలో నిలిపెను. దాని యెత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. ఏబదవ వంతు నమూనాకు ఎత్తు 44 సెంటీమీటర్లు. "మరి బరువెంత?" అని మా వారడుగగా పిల్లలందరును 340 కిలోలనిరి. అది తప్పు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును ఏబదవ వంతులే యగుటచే బరువు 50ని మూడు మారులు గుణించినంత, అనగా 1,25,000 వంతులు తగ్గును. కావున నమూనా తూకము 136 గ్రాములు! తలుపు చాటున వినుచున్న మేమును 340 కిలోలనియే తలచితిమని ఇప్పుడొప్పుకొనుటకు సిగ్గుపడము.

మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారి యొద్ద అమరకోశమును, కావ్యములను చదువుకొంటిమి. అమరమున రంపమునకు క్రకచమనియు, కరపత్రమనియు పేర్లున్నవి. ఱాతిని చీల్చు ఉలికి టంకమని పేరు. ఇవన్నియు మాకు చిన్ననాడే కంఠస్థములు. నేడు కరపత్రమన్నచో వీధిలో పంచిపెట్టు కాగితమని యందరు ననుకొందురు. మాకును కాగితమే కనబడెడిది. కాపురమునకు వచ్చి, మా వారు ఇత్తడి రేకును రంపముతో కోయుచుండగా చూచిననాడు గాని ఆ మాటకు పండ్లు మొలవలేదు.

అయినను తొలినాళ్ళలో మాకా బల్లయన్న గిట్టెడిది కాదు. నెల జీతములో కొంత చెన్నపట్టణపు పుదుపేట పాత సామానుల యంగళ్ళకు పోవుచుండెను. ఇత్తడి పొడి గాలికెగిరి బియ్యపు చేటలో పడెడిది. మా కుట్టుమిషను నూనె సీసా ఎప్పుడు చూచినను వసారాలోనే యుండెడిది. "సరస్సు మీది ఉప్పుగాలికి ఉక్కు సామానులు రెండు దినములలో తుప్పు పట్టును, నూనె రాయక తప్పదు" అని వారు చెప్పెడివారు. "కుట్టుమిషను ఉక్కు గాదా?" అని మేమడిగితిమి. దానికి బదులు రాలేదు.

అన్నిటికంటె మాకు నొచ్చినది వేరొకటి. వారి బల్లమీది వస్తువులు పనిముట్లట. మా యింటి వస్తువులు సామానులట! ఒకనాడు మా పండ్రెండేండ్ల అమ్మాయి "ఆవిరియంత్రములో ముషలము ముందునకు వెనుకకు పోవుచుండగా చక్రమెట్లు తిరుగును?" అని తండ్రి నడిగెను. వారు పలకమీద బొమ్మ వేసిరి. పిల్లకు బోధపడలేదు. మేము కుట్టుమిషను మూత తీసి చక్రమును మెల్లగా త్రిప్పి చూపితిమి. చక్రము తిరుగగా దానికి తగిలించిన కడ్డీ ఊగును, సూది పైకి క్రిందికి ఆడును. "ఇచ్చట తిరుగుడు ఊపుగా మారుచున్నది. ఆవిరియంత్రమున ఊపు తిరుగుడుగా మారును. కీలొక్కటే, దారి వేరు" అని చెప్పగా పిల్ల చప్పట్లు కొట్టెను. మా వారు పలక తుడిచివేసి, నూనె సీసా తెచ్చి మిషనుప్రక్కన నుంచిరి.

ఆ యేడు వేసవిలో వారు ఆవిరిపడవ నమూనాకు పూనుకొనిరి. మూరెడు పొడవు కొయ్యపడవ, దానిలో పిడికిలియంత బాయిలరు, బొటనవ్రేలంత యంత్రము. రాగిరేకు చుట్టి, అంచులను తగరము సీసము కలిసిన మామూలు టంకముతో అతికిరి. నీటిని వేడిచేయుటకు స్పిరిటు దీపము. మొదటి ప్రయత్నమున యంత్రము నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయెను. వారు నిరాశపడక నవ్వి, జేమ్సు వాట్టు కథ చెప్పిరి. 1763-64 ప్రాంతమున గ్లాస్గో విశ్వవిద్యాలయమువారు న్యూకమన్ ఆవిరియంత్రపు నమూనాను బాగుచేయుటకు వాట్టున కిచ్చిరట. అదియు కొద్ది ఊపులతోనే ఆగెడిది. కారణమేమన, కొలత సగమైనచో లోపలి ఆవిరి ఎనిమిదవ వంతగును గాని చుట్టునున్న గోడ నాలుగవ వంతే యగును. కావున చిన్న యంత్రమున ఆవిరి త్వరగా చల్లబడును. పెద్ద తపేలలోని చారుకంటె గిన్నెలోని చారు ముందుగా చల్లారుట మనమెరిగినదే గదా! ఆ నష్టమును గూర్చి యోచించుచునే వాట్టు 1765లో ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చు నుపాయమును కనుగొనెను. పెద్ద యంత్రముల చరిత్రను మార్చినది మరమ్మతునకు వచ్చిన యొక నమూనాయే.

మా వారు గొట్టములకు గుడ్డ చుట్టి వేడిని కాపాడిరి. రెండవ ఆదివారము సాయంకాలము పెరటిలో పడవను తొట్టినీటిలో నుంచి దీపము వెలిగించిరి. యంత్రము టకటకమని చక్కగా తిరిగెను. అమ్మాయి తొట్టిపై వంగి చూచుచుండెను. మేము వంటయింటి గడపలో కూర్చుండి చిక్కుడుకాయలు ఈనెలు తీయుచుంటిమి. కొంతసేపటికి ధ్వని మారెను. టకటక సన్నగిల్లెను, కాగిన లోహపు వాసన వచ్చెను. ప్రెషరు కుక్కరులో నీరింకిపోవునప్పుడు ఈల ఆగి వాసన మారుట ఏ గృహిణికి తెలియదు?

"ఏమండీ, నీరు అయిపోయినది" అంటిమి.

"ఇప్పుడే గదా పోసినది? ఇంకను సగముండును. నీకేమి తెలియును?" అనిరి వారు, తల యెత్తకుండగనే.

మేము చేట క్రింద పడవైచి పరుగున పోయి పిల్లను రెక్క పట్టి వెనుకకు లాగితిమి. అంతలోనే బాయిలరు అతుకు విడి, మిగిలిన ఆవిరి బుస్సుమని వెలికి వచ్చెను. దీపపు మంట ప్రక్కకు చిమ్మి పడవ అంచు కాలెను. పిల్ల ముఖముండిన చోటనే ఆ ఆవిరి పోయెను. ఎవరికిని గాయము కాలేదు. వారు తొట్టినీటిని మంటపై చల్లి, చాలసేపు మాటలాడలేదు. ఆ రాత్రి అన్నము వడ్డించుచుండగా, "తెలిసినది నీకే" అని మాత్రమనిరి. మరునాడు బడిలో తమ తప్పును పిల్లలకు పాఠముగా చెప్పినట్లు అమ్మాయి వచ్చి చెప్పెను.

ఆ తప్పేమో సోదరీమణులకును తెలియుట మంచిది. మామూలు టంకము 190 డిగ్రీల లోపలనే కరగును. లోపల నీరున్నంతవరకు ఆ నీరు వేడిని లాగుకొని రాగిని కాపాడును. నీరింకినచో రాగి మిక్కిలి కాగి అతుకు కరగును. కుక్కరు విషయమును ఇట్టిదే. దాని మూతమీద బరువు గాక మరియొక రక్షక కవాటముండును. బరువు క్రింది రంధ్రమున మెతుకు అడ్డుపడినను అది కరగియో తెరచుకొనియో ఆవిరిని విడుచును. మా వారి బాయిలరునకు నీటిమట్టము చూపు గాజుగొట్టము లేదు, రక్షక కవాటమును లేదు. "మీ బాయిలరుకంటె మా కుక్కరే తెలివిగలది" అని మేమనగా వారు కాదనలేదు.

క్రొత్త బాయిలరు తయారగుటకు మూడు నెలలు పట్టెను. ఈసారి అతుకులు 600 డిగ్రీలకు పైబడి కరగు వెండి టంకముతో వేసిరి. గాజుగొట్టము, కవాటము అమర్చిరి. నిప్పు పెట్టుటకు ముందు దానిని పూర్తిగా చన్నీటితో నింపి, పని చేయవలసిన ఒత్తిడికి రెండింతల ఒత్తిడిని చేతిపంపుతో నెక్కించి, అరగంటసేపు ముల్లు దిగకుండునో లేదో చూచితిమి. నీటితోనే యేల పరీక్షింపవలెననగా, నీరు నొక్కుడుకు లొంగదు; అతుకు విడినచో చుక్కలు కారును, అంతే. గాలియైనచో ఒత్తుకొని యుండి బాంబువలె ప్రేలును. ఆ పరీక్షకు గడియారము పట్టుకొన్నది మేము. ఫలితమును, తేదీని పుస్తకములో వ్రాసినది అమ్మాయి. నాటినుండి మా సంతకము లేనిదే మా యింట ఏ బాయిలరునకును నిప్పు పెట్టరు.

ఇక మాకు కలిగిన చిక్కు వేరు. అమ్మాయి తానును ఆకురాయి పట్టుదునని పట్టుపట్టెను. మా అత్తగారు "ఆడపిల్ల చేతులు మొద్దుబారునమ్మా!" అనిరి. మాకును మొదట నోట మాట రాలేదు. వత్తిడికి గురియైన రాగి మాట యట్లుండనిచ్చి, పిల్ల మనసు మాట ఆలోచించితిమి. ఆనాడు మేము పిల్లను కాపాడినది కుక్కరు నెరుగుటచేత. పనిముట్టు నెరుగనిచో రేపు తన పిల్లను తానెట్లు కాపాడుకొనును? మేమే ముందుగా నేర్చి, పిదప పిల్లకు నేర్పించితిమి.

మేము నేర్చినవానిలో కొన్ని: పిడి లేని ఆకురాయిని పట్టరాదు, దాని మొన అరచేతిలో దిగును. ముందునకు త్రోయునప్పుడే నొక్కవలెను, వెనుకకు తీయునప్పుడు ఎత్తవలెను; లేనిచో పండ్లు అరిగిపోవును. ఆకురాతికి సుద్ద రాచినచో పొడి పండ్లలో చిక్కుకొనదు. డ్రిల్లు గాని లేతుగాని తిరుగుచుండగా పైటచెంగు నడుమున దోపవలెను, జడ ముడి వేయవలెను, గాజులు తీయవలెను, చేతితొడుగులు వేయరాదు. కండ్లకు అద్దములు తప్పవు. సీసము కలిసిన టంకమును ముట్టిన చేతితో అన్నము ముట్టరాదు. ఆ పని వంటయింట చేయనే రాదు.

ఇట్టి వినోదము మన దేశమునకు క్రొత్త కాదు. కోయంబత్తూరు ప్రాంతమున కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారు మన తెలుగు కుటుంబమువారే. బడిచదువు అంటని ఆయన యౌవనమున ఒక మోటారుసైకిలును కొని, ఊడదీసి, మరల కూర్చి యంత్రవిద్యను తమంతట నేర్చిరి. 1920లో పొల్లాచి, పళని నడుమ బస్సు నడపిరి. 1937లో విద్యుత్తు మోటారు తయారీకి తోడుపడిరి. లండనులో 1898లో పర్సివల్ మార్షల్ ప్రారంభించిన "మోడల్ ఇంజనీర్" పత్రిక ఇట్టి ఇంటిపనివాండ్ర కొరకే పుట్టినది. ఆ పత్రిక చదువరులు మిక్కిలి గౌరవించిన చెర్రీ హిల్ అను నామె స్త్రీయే. 1931లో జన్మించిన ఆమె పాతకాలపు ఆవిరిబండ్లను పదునారవ వంతు కొలతతో, ప్రతి మరయు తన చేతితోనే చేసి, ఆ విద్యలో నుత్తమ బహుమానములను పలుమార్లు గెలుచుకొనెను.

మా అమ్మాయి చేసిన మొదటి వస్తువు ఇత్తడి బొంగరము. అది కొంచెము ప్రక్కకు వంగి తిరుగును. దానిని వెర్నియరుతో కొలిచి, ఏ వైపున వెంట్రుకవాసి యెక్కువున్నదో తానే కనుగొని, మరల ఆకురాయి చేత బట్టినది. మా అత్తగారిప్పుడు దాని చేతులను చూచి యేమియు ననరు. మొన్న తమ కండ్లజోడు మర యూడిపోగా, దానిని బిగించి యిమ్మని పిల్లకే యిచ్చిరి.

కావున సోదరీమణులారా, మీ యింట పురుషులకిట్టి బల్ల యున్నచో విసుగుకొనకుడు. కుర్చీ యొకటి దాని ప్రక్కన వేసికొని కూర్చుండుడు. మీకు తెలిసినది వారికి తెలియకపోవచ్చును. బల్ల లేనిచో మీ కుట్టుమిషను మూత యొకసారి తీసి మీ పిల్లలకు చూపుడు. నూనె సీసా మాత్రము మీ యొద్దనే యుంచుకొనుడు.