గన్నేరు మీది కొమ్ము పురుగు

డర్బన్‌లో మన ఇళ్ళ ముందు పూజకోసం పెంచే గన్నేరు, నందివర్ధనం మొక్కలపై లావుపాటి పచ్చని గొంగళిపురుగు కనబడుతుంది. తోకవద్ద చిన్న కొమ్ము ఉంటుంది. కదిలిస్తే తలవైపు రెండు నీలికళ్ళు తెరుచుకొన్నట్లుంటుంది. మొన్న మా బడిపిల్లలు పాముపిల్ల అనుకొని రాయి ఎత్తారు. అవి కళ్ళు కావు, శత్రువులను బెదరించే మచ్చలు. కొమ్ము కుట్టదు.

ఇది గన్నేరు డేగచిమ్మట పిల్ల. సీతాకోకచిలుకలవలె చిమ్మటలు కూడ లెపిడోప్టెరా క్రమానికి చెందినవి. అందులో దీనిది స్ఫింజిడే కుటుంబం. 1758లో లిన్నేయస్ దీనిని వర్ణించాడు. నేటి శాస్త్రనామం డాఫ్నిస్ నెరియై. ఇది ఆఫ్రికాలోను, మన పెద్దలు వచ్చిన ఇండియాలోను ఉంది. ఉత్తర ఆఫ్రికానుండి వేసవిలో సముద్రం దాటి యూరపుకు పోతుంది.

తల్లి ఆకులపై లేతపచ్చని గుండ్రని గుడ్లు పెడుతుంది. పురుగు ఆకులు తిని, సుమారు 7 సెంటీమీటర్లు పెరిగి, గోధుమరంగుకు మారి, నేలమీది ఎండుటాకులలో ప్యూపా అవుతుంది. అందులోనుండి పచ్చ, గులాబి రంగుల రెక్కలతో చిమ్మట వెలువడి, సందెవేళ పూలతేనె త్రాగుతుంది.

గన్నేరు మనకు విషం, ఆ పురుగుకు ఆహారం. పిల్లలారా, పూలు కోస్తే చేతులు కడుగుకొనండి. పురుగును మాత్రం చంపకండి. నాలుగు ఆకులు పోయినా చెట్టు మళ్ళీ చిగురిస్తుంది.