ముసురులో ముస్తాబు

మన పంచాంగానికీ నైరుతి రుతుపవనానికీ పాత పేచీ ఒకటి ఉంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కనుక బట్టల దుకాణాలు తగ్గింపు ధరలతో ఊరిస్తాయి. అలా కొన్నవన్నీ శ్రావణంలో బీరువా దాటి బయటికొస్తాయి. వరలక్ష్మీ వ్రతం, పేరంటాలు, పెళ్ళిళ్ళు: ఏడాదిలో ఖరీదైన చీర కట్టే రోజులూ, వీధిలో నీళ్ళు నిలిచే రోజులూ ఒకేసారి వస్తాయి. కాలేజీలు తెరిచేదీ ఇంచుమించు అప్పుడే. వానలో చక్కగా కనబడటం ఎలాగన్నది అందుకే మనకు ఉత్త షోకు కబురు కాదు. దానికి జవాబు చాలావరకు బట్ట పోగులోనే ఉంది.

వాన పడుతుంటే తడవకూడదనుకోవడం సహజం. కానీ మనది వెచ్చటి వాన. ప్లాస్టిక్ రెయిన్‌కోటు తొడుక్కుని కాసేపు బండి నడిపి, ఆఫీసు మెట్ల దగ్గర విప్పి చూడండి. వాన చుక్క పడకపోయినా చొక్కా చెమటకు తడిసే ఉంటుంది. వాన లోపలికి రాకుండా ఆపిన పొరే చెమటను బయటికి పోనివ్వదు. ఈ చిక్కు రెండు వందల ఏళ్ళ నాటిది. 1823లో గ్లాస్గో రసాయన శాస్త్రవేత్త చార్లెస్ మెకింతోష్, తారు నుంచి తీసిన నాఫ్తాలో రబ్బరు కరిగించి, ఆ జిగురును రెండు బట్టల మధ్య పూసి పేటెంటు పొందాడు. నీళ్ళు దిగలేదు కానీ ఆ కోటు వేడికి జిగటగా, చలికి బిరుసుగా మారేది, కంపు కొట్టేది. గంధకంతో రబ్బరును గట్టిపరిచే పద్ధతి 1840ల్లో వచ్చాక జిగట పోయింది, ఉక్క మాత్రం పోలేదు.

1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్‌ను వేడిచేసి ఒక్క గుంజు గుంజితే, అది తెగకుండా సాగి కంటికి కనబడని రంధ్రాలతో నిండిపోయింది. నీటి చుక్క దూరలేనంత చిన్నవి, ఆవిరి దూరగలిగినంత పెద్దవి ఆ రంధ్రాలు. గోర్‌టెక్స్ పేరుతో కొండలెక్కేవాళ్ళ కోట్లలోకి చేరింది ఆ పొరే. అలాంటి జాకెట్టుకు ఇక్కడ వేలకు వేలు పోసేముందు చిన్న లెక్క ఒకటి వేసుకోవాలి. లోపల ఆవిరి పీడనం ఎక్కువగా, బయట తక్కువగా ఉంటేనే చెమట ఆవిరి బయటికి పోతుంది. ఒంటిని అంటుకుని 33 డిగ్రీల వేడితో, నిండా తేమతో ఉన్న గాలిలో ఆ పీడనం సుమారు 5 కిలోపాస్కల్స్. స్కాట్లాండ్ కొండ మీద 8 డిగ్రీల ముసురులో బయటి పీడనం 1కి అటూ ఇటూ, అంటే తేడా 4. హైదరాబాదులో 25 డిగ్రీల వేడి, 90 శాతం తేమ ఉన్న సాయంత్రం తేడా 2 పైచిలుకు. విశాఖలో 30 డిగ్రీలు, 85 శాతం తేమ ఉంటే తేడా 1.5 కూడా రాదు. కొండ మీద చేసే పనిలో మూడో వంతే బీచ్ రోడ్డులో చేస్తుందన్నమాట. నన్నడిగితే మన ఊళ్ళల్లో అది డబ్బు దండగ. వదులుగా ఉండి, వీపు మీద గాలి సందు ఉన్న మామూలు రెయిన్‌కోటు చాలు. నడిచి వెళ్ళేవాళ్ళకు గొడుగును మించింది లేదు.

ఎలాగూ ఎంతో కొంత తడవక తప్పదు కాబట్టి, తడిసినా పరువు నిలిపే బట్ట, తొందరగా ఆరే బట్ట ఏదో చూసుకోవడం మేలు. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు ఒక్కో పోగు తన బరువులో ఎంత శాతం నీటిని దాచుకుంటుందో బట్టల మిల్లుల వాళ్ళు ఎప్పుడో కొలిచిపెట్టారు. పాలియెస్టర్ 0.4, నైలాన్ 4, నూలు 8, పట్టు 11, రేయాన్ 12 లేక 13, ఉన్ని 16. పాలియెస్టర్ పోగు లోపలికి నీళ్ళు దాదాపు పోవు, దారాల సందుల్లోనే నిలుస్తాయి. అందుకే పల్చటి జార్జెట్ చీరను దులిపి ఫ్యాను కింద వేస్తే చూస్తుండగానే ఆరిపోతుంది. నూలు పోగు మాత్రం నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఆ ఉబ్బే గుణాన్నే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మాంచెస్టర్ పరిశోధకులు వాడుకున్నారు. సన్నని పొడుగు పింజ పత్తి నూలును చాలా ఒత్తుగా నేసి, తడవగానే పోగులు ఉబ్బి సందులు వాటంతటవే మూసుకునేలా వెంటైల్ అనే బట్ట తయారుచేశారు. సముద్రంలో కూలే యుద్ధ విమానాల పైలట్ల కోసం పుట్టిన బట్ట అది.

మన జీన్స్‌కు ఆ అదృష్టం లేదు. ముతక నూలు, మందపు నేత. కింది అంచు ఒక్కటి గుంటలో మునిగితే చాలు, ప్రమిదలో నూనె వత్తి పట్టుకుని పైకెక్కినట్టు నీరు పిక్క దాకా పాకుతుంది. పూర్తిగా తడిసిన ప్యాంటు అర లీటరుకు పైనే నీళ్ళు మోస్తుంది. ఆ అర లీటరు ఆవిరి కావాలంటే దాదాపు 1,200 కిలోజౌళ్ళ వేడి కావాలి. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె 20 నిమిషాలు ఆగకుండా కాలితే వచ్చే వేడి అది. ప్యాంటు ఒంటి మీదే ఆరుతుంటే అందులో చాలా భాగం మీ కాళ్ళ నుంచే పోతుంది. బండి మీద వెళ్ళేవాడికి వణుకు పుట్టేది అందుకే. చీలమండకు పైన ఆగే పల్చటి ప్యాంటుకు ఈ బాధ సగం తగ్గుతుంది. ఇప్పటి ఫ్యాషన్ కూడా అదే కావడం మన అదృష్టం. కాళ్ళకు హవాయి చెప్పులు వద్దు. వదులు మడమ ప్రతి అడుగుకూ బురదను పైకి చిమ్మి వెనక పిక్కల మీద చుక్కలు పెడుతుంది. వెనక పట్టీ ఉన్న సాండల్ అలా చేయదు.

రంగు సంగతికొస్తే, తెల్ల చొక్కా తడిస్తే లోపలి బనియన్ ఎందుకు కనబడుతుంది? కాంతి గాలిలోంచి నూలులోకి దూరేటప్పుడు బాగా వంగి చెదురుతుంది, ఆ చెదిరిన వెలుగే తెలుపు. గాలి వక్రీభవన గుణకం 1, నూలుది దాదాపు 1.55, నీటిది 1.33. సందుల్లో గాలి పోయి నీళ్ళు చేరితే రెంటి మధ్య తేడా తగ్గుతుంది, చెదరడమూ తగ్గుతుంది. కాంతి నేరుగా లోపలికి పోతుంది. పల్చటి తెలుపు పారదర్శకమవుతుంది, రంగు బట్టేమో మరింత ముదురుగా కనబడుతుంది. బూడిద రంగు, ఖాకీ, లేత నీలం మీద తడి మచ్చ కొట్టొచ్చినట్టు కనబడేది ఇందుకే. ముదురు నీలం ముందే కాంతిని మింగేస్తుంది కనుక తడిసినా పెద్ద తేడా తెలియదు. చిన్న చిన్న పూల అచ్చు ఉంటే ఇంకా నయం, మచ్చ ఎక్కడుందో కళ్ళకు చిక్కదు.

వాన బట్టల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం ఏ షోరూములోనూ వేలాడదు. అది తెలంగాణ గొర్రెల కాపరుల గొంగడి. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నిని కురుమ ఇళ్ళల్లో వడికి, చింతగింజల గంజి పట్టించి నేస్తారు. ఒక మూల మడిచి నెత్తిన ముసుగులా వేసుకుని, చినుకుల్లో మంద వెంట నిలబడ్డ మనిషిని దగ్గరగా చూడండి. చినుకులు బొచ్చు కొసల మీద పూసల్లా నిలిచి, కదిలితే జారిపోతుంటాయి. ఉన్ని వెంట్రుక పైపొలుసులను అంటుకుని సన్నటి కొవ్వు ఆమ్లం పొర ఉంటుంది. చుక్క నీరు దానికి పట్టదు. ఆవిరి మాత్రం పొలుసుల సందుల్లోంచి లోపలికి పోతుంది. తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఉన్ని చేతికి తడిగా తగలదు. పైగా తేమ పీల్చేటప్పుడు వేడి విడుదల చేస్తుంది, నూలుకు రెట్టింపు పైగా. చలిగాలిలో ఆ కాస్త వెచ్చదనమే కాపరికి ఆసరా. బరువు, గరుకు, జడివానకు చివరికి నానడం దాని లోపాలు. ఆ ఉన్నితో సంచులు, జాకెట్లు కుట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అవి నిలదొక్కుకుంటే చూడాలని ఉంది.

రేయాన్ కుర్తీలు వేసుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. తడిసిన నూలుకు బలం పెరుగుతుంది, రేయాన్‌కు దాదాపు సగం పోతుంది. తడిసిన రేయాన్‌ను మెలితిప్పి పిండితే నేత సాగి, అంచు ఒక పక్కకు వాలిపోతుంది. తువ్వాలులో చుట్టి అదమాలి. పట్టు కూడా తడిస్తే కొంత బలం కోల్పోతుంది. చుక్కలు పడ్డ చోట మెరుపు తగ్గి మరకలా మిగులుతుంది. వెండి జరీని చెమ్మలో మడిచి పెడితే గాలిలోని గంధకపు వాయువులకు నల్లబడుతుంది. పెళ్ళి నుంచి వచ్చిన రాత్రే చీరను బీరువాలోకి తోసేయకుండా, నీడలో గాలికి ఆరేసి మర్నాడు మడవండి.

ఇంట్లో దండెం మీద రెండు రోజులైనా ఆరని బట్టల ముక్క వాసనకు కారకుల్లో ముఖ్యమైన బాక్టీరియాను జపాన్ పరిశోధకులు 2012లో పట్టుకున్నారు. పేరు మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్. అది ఎండబెట్టినా, అతినీలలోహిత కిరణాలు తగిలినా మామూలు బాక్టీరియా కన్నా బాగా తట్టుకుంటుంది. సెంటు కొడితే వాసన దాగుతుందే కానీ బాక్టీరియా పోదు. బట్ట ఓర్చుకుంటే వేడినీళ్ళలో మళ్ళీ ఉతికి, ఎడంఎడంగా ఆరేసి ఫ్యాను పెట్టాలి. పాలియెస్టర్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళు వ్యాయామం చేసినవాళ్ళ చొక్కాలు పోల్చితే, నూలు కన్నా పాలియెస్టర్‌కే చెమట కంపు ఎక్కువని తేలింది. తొందరగా ఆరుతుంది కదా అని ఉతక్కుండా రెండోసారి వేసుకోకండి.

ఇక రంగు దిగడం. 1956లో బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీ నూలు పోగుతో రసాయన బంధం కట్టుకునే రంగులను మార్కెట్లోకి తెచ్చింది. అవి సరిగ్గా అద్దితే వానకు దిగవు. పోగును ఊరికే అంటిపెట్టుకుని ఉండే చవక రంగులు మాత్రం మొదటి తడికే పక్క బట్ట మీదికి పాకుతాయి. కొత్త ఎర్ర జాకెట్టును శ్రావణంలో లేత రంగు చీర మీదికి వేసుకోబోయే ముందు, లోపలి కుట్టు అంచును తడిపి, తెల్ల రుమాలు కప్పి ఇస్త్రీపెట్టెతో ఒకసారి అదమండి. రుమాలుకు రంగు అంటిందా, ఆ జాకెట్టును ముదురు చీరకు కేటాయించండి.