పడవకు రెండు బ్యాటరీలు ఎందుకు?

రైతు ఇంట ధాన్యం రెండు చోట్ల ఉంటుంది. తిండిగింజలు గాదెలో ఉంటాయి. విత్తనపు గింజలు వేరే ఉంటాయి. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా విత్తనాల మూట విప్పడానికి ఇల్లాలికి చెయ్యి రాదు. అవి కాస్తా తినేస్తే మరి వచ్చే పంట ఏదీ? సముద్రం మీదికి పోయే మరపడవలో రెండు బ్యాటరీలు పెట్టడం వెనుక ఉన్నది సరిగ్గా ఈ ఇల్లాలి బుద్ధే.

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం అనగానే ఈనాడు చాలామందికి అక్కడి ఫ్యాక్టరీలు గుర్తుకు వస్తాయి. కాని ఆ మండలంలోనే పూడిమడక అనే మత్స్యకార గ్రామం ఉంది. ఒడ్డున ఫైబరు తెప్పలు కనబడతాయి. తెప్పకు తగిలించే చిన్న మోటారును తాడు లాగి లేపవచ్చు. విశాఖపట్నం చేపల రేవులో కట్టివేసి ఉండే పెద్ద మరపడవల సంగతి అలా కాదు. వాటి కడుపులోని డీజిలు ఇంజనును లేపాలంటే బ్యాటరీయే దిక్కు.

అయితే ఆ బ్యాటరీని నమ్ముకున్నది ఇంజను ఒక్కటే కాదు. దీపాలున్నాయి, వైర్‌లెస్సు ఉంది, దారి చూపే జి.పి.ఎస్. ఉంది, అడుగున చేరిన నీటిని తోడే పంపు ఉంది. కలాసీల సెల్‌ఫోన్లు సరేసరి! ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుతూ ఉంటుంది గనుక చింత లేదు. ఇంజను ఆపి, లంగరు వేసి పడుకున్న రాత్రే అసలు చిక్కు.

చిన్న లెక్క చూడండి. దీపాలూ పరికరాలూ కలిసి 5 ఆంపియర్లు తాగుతాయనుకుందాం. 10 గంటలు గడిచేసరికి 50 ఆంపియర్-గంటలు ఖర్చు. అంటే 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగం ఆవిరి! ఇక స్టార్టరు తీరు వేరు. అది ఒక్కుమ్మడిగా 300 ఆంపియర్లు లాగినా, 4 సెకన్లలో పని ముగిస్తే మొత్తం ఖర్చు ఆంపియర్-గంటలో మూడో వంతే. దానికి కావలసింది ఎక్కువ విద్యుత్తు కాదు, ఒక్క క్షణపు బలం. రాత్రంతా నీరసించిన బ్యాటరీలో లేనిది ఆ క్షణపు బలమే.

రోడ్డు మీద కారు మొరాయిస్తే నలుగురం దిగి తోస్తాం. సముద్రం మీద తోసేవారెవరు? ఇంజను లేవదు, దీపం వెలగదు, వైర్‌లెస్సు పలకదు. 1933లో ప్రారంభమైన విశాఖ రేవుకు వచ్చిపోయే పెద్ద ఓడల దారిలో, దీపం లేని పడవ చీకట్లో కొట్టుకుపోతుంటే ఎవరికి కనబడుతుంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకిన సంగతి ఈ ప్రాంతం వారెవరూ మరువలేరు. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు వినడానికి వైర్‌లెస్సూ కావాలి, ఒడ్డుకు మళ్లడానికి ఇంజనూ కావాలి. రెండూ ఒకే బ్యాటరీ మీద ఆధారపడితే, ఒకదాని ఆకలి రెండోదాని ప్రాణం తీస్తుంది.

అందుకని పని పంచాలి. ఒక బ్యాటరీ కేవలం ఇంజనుకు. దానిలో పలుచని రేకులు ఎక్కువగా ఉంటాయి. ఒక్కసారిగా బలం చూపగలదు. రెండోది తక్కిన అవసరాలన్నిటికీ. దాని రేకులు మందంగా ఉంటాయి. మన ఇంటి ఇన్వర్టరు బ్యాటరీలాగా నెమ్మదిగా, చాలాసేపు ఇస్తుంది. అయినా సగానికి మించి ఖాళీ చేయకపోతేనే దానికి ఆయుర్దాయం.

మరి ఉన్న ఒక్క ఆల్టర్నేటరూ రెండింటినీ నింపేదెలా? పాత పద్ధతి చేతి స్విచ్చి. ఒకటి, రెండు, రెండూ, ఏదీ కాదు అని నాలుగు స్థానాలుంటాయి. చౌకే గాని, రాత్రి దాన్ని 'రెండూ' మీద మరచిపోతే చేసిన ఏర్పాటంతా వృథా. ఇంజను తిరుగుతుండగా 'ఏదీ కాదు' మీదికి తిప్పితే ఆల్టర్నేటరు కాలిపోవచ్చు కూడా. అంతకన్నా నాకు నచ్చింది, వోల్టేజిని కనిపెట్టి తనంత తాను పనిచేసే రిలే. ఇంజను లేచి మొదటి బ్యాటరీ సుమారు 13.3 వోల్టులకు చేరగానే రెండింటినీ కలుపుతుంది. ఇంజను ఆగి 12.8కి దిగగానే విడదీస్తుంది. మనిషి మతిమరుపుతో దానికి పని లేదు.

బిగించేటప్పుడు నెగెటివు తీగలు కలపవచ్చు. పాజిటివులు రిలే ద్వారా తప్ప కలియరాదు. ఆ రెంటినీ కలిపే తీగకు ఇరువైపులా, బ్యాటరీలకు దగ్గరగా, ఫ్యూజులు ఉండాలి. బ్యాటరీలను పెట్టెలో పెట్టి కదలకుండా కట్టాలి. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజను వస్తుంది గనుక గాలి ఆడాలి. ఉప్పునీరు లోపలి ఆమ్లంలో కలిస్తే విషపు క్లోరిను పుడుతుంది గనుక అడుగు నీటికి ఎత్తులో ఉంచాలి.

ఒక భ్రమ ఉంది. కొన్ని పెద్ద ఇంజన్లకు 24 వోల్టులు కావాలి. అందుకు రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలుపుతారు. చూడటానికి రెండు, పనికి ఒక్కటే! అటువంటి పడవకు విడి ఏర్పాటు మరొకటి ఉండవలసిందే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఈ తీరంలో మరపడవలకు వేట నిషేధం. ఆ విరామంలో వలలకు మరమ్మతు చేస్తారు, పడవలకు రంగులు వేస్తారు. బ్యాటరీని మాత్రం మరచిపోతే అది కూర్చున్నచోటే నీరసించి, రేకులపై సల్ఫేటు పేరుకొని చెడుతుంది. నెలకొకసారైనా నింపి, స్వేదనజలం చూడాలి.

వేటకు బయలుదేరే ముందు చేయవలసిన పరీక్ష ఒక్కటే. రెండో బ్యాటరీని పూర్తిగా విడదీసి, మొదటిదానితోనే ఇంజను లేపి చూడాలి. ఒడ్డున లేవని ఇంజను నడిసముద్రంలో లేస్తుందనుకోవడం వట్టి ఆశ. ఒడ్డున తెలిస్తే పోయేది ఒక పూట వేట మాత్రమే.