మూడొందలదా? పది వేలదా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి మౌస్ కావాలంటే కొట్టాయన ముందు అడిగేది బడ్జెట్ ఎంతని. మూడు వందలన్నా ఇస్తాడు, పది వేలన్నా ఇస్తాడు. రెండూ చేసేది ఒకే పని: తెర మీద బాణాన్ని కదపడం, నొక్కితే నొక్కానని కంప్యూటర్‌కి చెప్పడం. మరి ముప్ఫై రెట్ల తేడా దేనికి? ఇంట్లో అన్నదమ్ములకు చెడేది ఇక్కడే. ‘‘ఒరేయ్, నా మూడొందల మౌస్ నాలుగేళ్ల నుంచీ పనిచేస్తోందిరా’’ అంటాడు అన్న. ‘‘నువ్వు దాంతో చేసేది ఎక్సెల్ షీట్లేగా అన్నయ్యా’’ అంటాడు గేములాడే తమ్ముడు. ఇద్దరిదీ నిజమే. అందుకే ఆ వాదన తెల్లారినా తెమలదు.

ఎవరి చేతికి ఏది బాగుంటుందన్న పేచీ మౌస్‌తో పాటే పుట్టింది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు 1964లో బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చాడు. అదొక చెక్కపెట్టె. అడుగున అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి చక్రాలు, పైన ఒక్కటే బటన్. ఆ బృందం దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగలేదు. లైట్ పెన్, జాయ్‌స్టిక్, చివరికి బల్ల కింద మోకాలితో కదిపే పరికరంతో కూడా పోటీ పెట్టి చూసింది. అలవాటు లేనివాళ్లకు లైట్ పెన్, మోకాలి పరికరం తేలిగ్గా పట్టుబడ్డాయి. చెయ్యి తిరిగినవాళ్లకు మాత్రం మౌసే వేగం, దాంతోనే తప్పులు తక్కువ.

ధర మీద అసలు గొడవ మొదలైంది జిరాక్స్, యాపిల్ మధ్య. జిరాక్స్ పరిశోధన కేంద్రంలో చూసిన మూడు బటన్ల మౌస్ స్టీవ్ జాబ్స్‌కు తెగ నచ్చింది, దాని లెక్కే నచ్చలేదు. తయారీకి మూడు వందల డాలర్లు, రెండు వారాల్లో పాడు అన్నది ఆయన అభియోగం. జిరాక్స్‌వాళ్లు ఒప్పుకునేవారో లేదో గానీ, ఆయన 1980లో డిజైనర్ డీన్ హోవీకి పెట్టిన షరతులు మాత్రం ఖరాఖండీగా ఉన్నాయి: పదిహేను డాలర్ల లోపు తయారవ్వాలి, రెండేళ్ల పాటు చెడకూడదు, బల్ల మీదే కాదు, జీన్స్ ప్యాంటు మీద కూడా నడవాలి. హోవీ మందుల షాపుకు వెళ్లి చెమట వాసనకు రాసుకునే రోల్‌ఆన్ సీసాలు కొన్ని, వెన్న పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. సీసా మూతిలో తిరిగే బంతే మౌస్ బంతికి నమూనా అయింది. 1983లో లీసా కంప్యూటర్‌తో వచ్చిన యాపిల్ మౌస్‌కు ఉన్నది ఒక్క బటనే. మూడు బటన్లకు అలవాటు పడ్డవాళ్లు దాన్ని చిన్నపిల్లల బొమ్మన్నారు, కొత్తవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. చవక చేయడమూ గొప్ప ఇంజినీరింగే అని ఒప్పుకోవడానికి మనకెందుకో మనసు రాదు.

అలాగని యాపిల్ ప్రతిసారీ గెలవలేదు. 1998 ఐమ్యాక్‌తో ఇచ్చిన గుండ్రటి మౌస్ అరచేతిలో ఎటు తిరిగి ఉందో చూస్తే తప్ప తెలిసేది కాదు. 2015లో తెచ్చిన మ్యాజిక్ మౌస్‌కు ఛార్జింగ్ రంధ్రం పొట్ట కింద పెట్టారు. వైరు గుచ్చితే వెల్లకిలా పడుకోవాల్సిందే. 2024లో వైరు రకం మారింది, రంధ్రం మాత్రం అక్కడే ఉంది!

ఇప్పుడు డబ్బా మీది అంకెలు చూద్దాం. డీపీఐ అంటే మౌస్‌ను అంగుళం జరిపితే బాణం ఎన్ని చుక్కలు కదులుతుందన్న లెక్క. 26,000 డీపీఐ అని మెరిసే అక్షరాలతో వేస్తారు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర వెడల్పు 1,920 చుక్కలే. అంటే అంగుళం జరిపితే బాణం పదమూడు తెరలు దాటిపోవాలి. పోటీల్లో డబ్బుకు ఆడే గేమర్లే ఎక్కువగా 400 నుంచి 1,600 మధ్య పెట్టుకుంటారు. పోలింగ్ రేటు సంగతి వేరు. మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు తన జాడ చెబుతుంది, గేమింగ్‌ది 1,000 సార్లు. ఎనిమిది మిల్లీసెకన్ల జాప్యం ఒకటికి తగ్గితే గేములో పనికొస్తుంది. 8,000 సార్లు చెప్పే రకానికి అదనంగా డబ్బు పెడితే దక్కేది మిల్లీసెకను కన్నా తక్కువ. అది తమ్ముడికైనా తెలుస్తుందని నేను నమ్మను.

మౌస్ ప్రాణం పోయేది ఈ అంకెల దగ్గర కాదు, ఎడమ బటన్ కింది బుల్లి స్విచ్ దగ్గర. అందులో పల్చటి లోహపు రేకు ఉంటుంది. నొక్కినప్పుడల్లా అది తగిలి, సెకనులో కొన్ని వెయ్యోవంతుల సేపు అదిరి, ఆగుతుంది. ఆ అదురును లెక్కలోకి తీసుకోవద్దని మౌస్‌లోని చిప్‌కు ముందే చెప్పి ఉంచుతారు. రేకు బిగువు తగ్గినా, దానికి తుప్పు, దుమ్ము పట్టినా అదురు గడువు దాటుతుంది. ఒక్క నొక్కు రెండుగా పడుతుంది. ఫైలు లాగుతుంటే దారిలోనే జారి పక్క ఫోల్డర్లో పడుతుంది. డీటీపీ చేసేవాళ్లు పేరా ఎంచుకుంటుంటే ఆ ఎంపిక కాస్తా చెదిరిపోతుంది. కోటి నొక్కుల హామీ ఉన్న స్విచ్ రోజుకు ఐదు వేల చొప్పున ఐదేళ్లు దాటి రావాలి. కానీ ఆ కోటి లెక్క తేల్చింది యంత్రపు వేలు. దానికి చెమట పట్టదు, విసుగొచ్చి గుద్దదు.

ఈ జబ్బుకు ధనిక పేద తేడా లేదు. పది వేల మౌస్‌కూ వస్తుంది. మూడొందలదైతే పారేసి ఇంకోటి తెచ్చుకుంటాం. పది వేలదాన్ని విప్పబోతే మరలు అడుగున జారుడు పట్టీల కింద దాక్కుని ఉంటాయి. స్విచ్ దొరికేది పదుల రూపాయలకే. దాన్ని ఊడదీసి టంకం పెట్టేవాళ్లే అరుదు. లోహపు రేకు బదులు కాంతితో పనిచేసే స్విచ్‌లు వచ్చాయి. వాటికి ఈ రెండు నొక్కుల రోగం లేదు. ఆ నొక్కు చేతికి మొద్దుగా ఉందని కొందరు పెదవి విరుస్తారు.

పెట్టిన డబ్బుకు విలువ ఉందనిపించేవి నా దృష్టిలో రెండే. ఒకటి ఆకారం. అరచెయ్యంతా ఆనించేవాళ్లకూ వేళ్ల కొసలతో పట్టేవాళ్లకూ ఒకే మౌస్ కుదరదు, ఎడమచేతివాళ్ల పాట్లు సరేసరి. డబ్బా విప్పి చేతికివ్వని కొట్లో ఖరీదైనది కొనకపోవడమే మంచిది. రెండోది మరమ్మతు. ఆసుస్ గ్లేడియస్ మౌస్ టంకం అక్కర్లేకుండా స్విచ్ పీకి కొత్తది గుచ్చే సాకెట్లతో వచ్చింది 2014లో. పదేళ్లు దాటినా పది వేలు పుచ్చుకునే ప్రతి మౌస్‌లోనూ ఆ సాకెట్ ఎందుకు లేదో అమ్మేవాళ్లనే అడగాలి.