10 ఆంప్స్ ఫ్యూజు మాటిమాటికీ ఎందుకు పోతోంది?

పార్కింగ్ లైట్ల స్విచ్ వేయగానే 10 ఆంప్స్ ఫ్యూజు పోతుంది. కొత్తది పెడితే అదీ పోతుంది. మూడోసారికి విసిగిపోయి 30 ఆంప్స్ ఆకుపచ్చ ఫ్యూజు గుచ్చేవాళ్లు, రాగి తీగ చుట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు 3 రెట్లయితే వేడి 9 రెట్లు. తొడుగు కరిగి మంటలు లేవడానికి అది చాలు.

ముందు లెక్క వేద్దాం. మామూలు బల్బులున్న పాత కారులో ముందు రెండు, వెనక రెండు, నంబరు ప్లేటుకు రెండు అనుకుందాం. ఒక్కోటి 5 వాట్లు, మొత్తం 30. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే రెండున్నర ఆంప్స్. ఫ్యూజు సామర్థ్యంలో పావు వంతే! కాబట్టి నేరం బల్బులది కాదు. ఎక్కడో తొడుగు చిరిగి, రాగి బాడీకి తగులుతోంది. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.035 ఓమ్. 3 మీటర్ల అవతల బాడీకి తగిలితే దారిలో ఉన్నది 0.1 ఓమ్. అంటే లెక్క ప్రకారం 120 ఆంప్స్. బ్యాటరీ, కనెక్టర్ల నిరోధం కొంత తగ్గించినా ఫ్యూజు నిలవదు.

ఎంతసేపటికి పోతోందో గమనించండి. రెట్టింపు కరెంటుకు బ్లేడ్ ఫ్యూజు 5 సెకన్ల లోపే పోతుంది. స్వల్పంగా మించితే నిమిషాలు ఓర్చుకుంటుంది. స్విచ్ వేసిన మరుక్షణం పోతే నేరుగా షార్ట్. కాసేపాగి పోతే తర్వాత తగిలించిన అదనపు లైట్లను అనుమానించాలి. గతుకుల్లోనే పోతే ఎక్కడో తీగ ఊగుతూ తగులుతోంది.

మల్టీమీటరు పెట్టి వెంటనే తీర్పు చెప్పకండి, మోసపోతారు. వెలుగుతున్న 5 వాట్ల బల్బు నిరోధం దాదాపు 29 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు, అంటే 3. ఆరు బల్బులు సమాంతరంగా ఉంటే మీటరు చూపేది అర ఓమ్. షార్ట్ లేకపోయినా బీప్ మోగుతుంది. అందుకే ముందు ఆ బల్బులన్నీ తీసేయాలి.

తర్వాత చేసేది నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. పోయిన ఫ్యూజు స్థానంలో రెండు తీగలతో 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి స్విచ్ వేయండి. పూర్తి షార్ట్ ఉన్నా దాని గుండా వెళ్లేది 1.75 ఆంప్స్ మాత్రమే. ఫ్యూజులు వృథా కావు, తీగలు కాలవు. బల్బులన్నీ తీసేశాక కూడా ఇది వెలుగుతోందంటే షార్ట్ ఉన్నట్టే. ఇక కనెక్టర్లు ఒక్కొక్కటే ఊడదీయండి. ఏది ఊడదీస్తే ఆరిపోతుందో తప్పు ఆ శాఖలో ఉంది. ఆ కనెక్టరును మళ్లీ తగిలించి, ఆ దారి పొడవునా తీగల కట్టను మెల్లగా కదుపుతూ వెళ్లండి. బల్బు మిణుకుమన్న చోట చేయి ఆపండి. పసుపు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోవద్దు.

ముందుగా డిక్కీ తలుపు మడత దగ్గరి రబ్బరు గొట్టంలో చూడండి. తెరిచి మూసిన ప్రతిసారీ అక్కడి తీగలు వంగుతాయి. ఆపైన తడి చేరిన బల్బు హోల్డర్లు, రేకు అంచులు, ఎలుకలు కొరికిన చోట్లు.

తెగిన తీగను అతికి, తొడుగు వేశాక, కారు పుస్తకంలో రాసి ఉన్న ఎర్ర 10 ఆంప్స్ ఫ్యూజునే మళ్లీ పెట్టండి.