పెరట్లోకి తేనెపిట్ట

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



నాలుగేళ్ల కిందటి మాట. మా మేనకోడలు అమెరికాలోని డాలస్ నుంచి వస్తూ నాకొక ఎర్రమూత సీసా తెచ్చింది. దాని అడుగున ప్లాస్టిక్ పూలు, ఒక్కో పువ్వు మధ్య ఒక సన్నని రంధ్రం. "అత్తమ్మా, ఇందులో చక్కెర నీళ్లు పోసి వాకిట్లో వేలాడదియ్యి. హమ్మింగ్ పిట్టలు వచ్చి గాలిలో నిలబడి తాగుతాయి. మా ఇంటి దగ్గర రోజూ వస్తాయి" అన్నది. నాకూ ముచ్చటేసింది. కామారెడ్డిలో మా వాకిట దండెం కొసకు కట్టి వారం రోజులు కాపలా కాశాను. ముందు చీమలు బారులు తీరినయ్, వాటి వెనక కందిరీగలు వచ్చినయ్. పిట్ట మాత్రం ఒక్కటీ రాలేదు.

ఎల్లారెడ్డిలో ఉండే మా వదినెతో ఈ సంగతి చెప్తే ఆమె పడీ పడీ నవ్వింది. "నీ సీసాకు ఎందుకొస్తయే? మా దానిమ్మ చెట్టుకు పొద్దుగాల్నే వచ్చి కూసుంటయి. వచ్చి చూడు" అన్నది. వెళ్లాను, చూశాను. అటు తర్వాత ఈ పిట్ట గురించి చదివినవి కొన్ని, చేసి చెడగొట్టుకుని నేర్చుకున్నవి కొన్ని. వాటినే ఈ పూట మీతో చెప్పుకుందామని వచ్చాను.

మొదట ఒక అనుమానం తీర్చుకుందాం. మా మేనకోడలు చెప్పిన హమ్మింగ్ పిట్ట మన దేశంలో లేదు. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలలో, వాటి చుట్టుపక్కల దీవులలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. క్యూబా దీవిలో ఉండే ఒక రకం రెండు గ్రాముల బరువైనా తూగదు. లోకంలో అన్నిటికన్నా చిన్న పక్షి అదే. డాలస్ వైపు కనిపించే ఎర్రగొంతు రకం సుమారు మూడు గ్రాములు ఉంటుంది. అంత చిన్న ప్రాణి క్షణానికి యాభైసార్లు రెక్కలాడిస్తుందట. ఏటేటా వలసపోయేటప్పుడు మెక్సికో సింధుశాఖ మీదుగా ఎనిమిది వందల కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా ఎగిరిపోతుందట. వింటేనే ఆశ్చర్యం వేస్తుంది కదూ!

మరి మనకేముంది అంటారేమో. మనకు తేనెపిట్ట ఉంది. దీనికీ దానికీ చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరూ పూలలో తేనె తాగి బతికేవాళ్లు కాబట్టి ఇద్దరికీ సన్నని పొడుగాటి ముక్కు, గొట్టంలాంటి నాలుక వచ్చాయి. అయితే ఒక పెద్ద తేడా ఉంది. అమెరికా పిట్ట గాలిలో నిలబడి తాగుతుంది. మన పిట్ట గాలిలో ఒక లిప్తకాలం రెపరెపలాడగలదు గాని, కాళ్లకు కొమ్మ దొరికితేనే దానికి సుఖం. కొమ్మ మీద కూర్చుని, అవసరమైతే తలకిందులుగా వేలాడి తాగుతుంది. నా సీసాకు కాళ్లు ఆనించుకునే చోటే లేదన్న సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది.

మన ఇళ్ల దగ్గర ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. రెండూ నాలుగంగుళాలకు మించవు, పిచ్చుక కన్నా చిన్నవి. మొదటి రకంలో మగది దూరానికి నల్లగా ఉంటుంది. ఎండ పడగానే ఊదా, నీలం రంగులు కలిసి పట్టుచీర అంచులా మెరుస్తుంది. ఆడది మాత్రం పైన ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు, కింద లేత పసుపు. గుడ్లు, పిల్లల కాలం దాటిపోయాక మగది కూడా ఆ మెరుపు విడిచిపెట్టి ఆడదానిలాగే మారిపోతుంది. గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లచార మాత్రం మిగులుతుంది. "మా నల్లపిట్ట ఎటో పోయింది" అని బెంగపడకండి, అది చీర మార్చుకుంది, అంతే! రెండో రకంలో మగదానికి వీపు ముదురు ఎరుపు, పొట్ట పసుపు, తోక పైభాగంలో ఊదా మెరుపు ఉంటాయి. ఇది ఏడాది పొడుగునా ఒకే రంగులో ఉంటుంది.

వీటిని గురించి మన ప్రాంతంలో శ్రద్ధగా చూసి రాసిన పెద్దలున్నారు. పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ గారు 1931-32లో అప్పటి హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ఆ రోజుల్లో ఆ సంస్థానంలోనివే. పూలకూ పక్షులకూ ఉన్న సంబంధం గురించి 1932లో ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఒక పెద్ద వ్యాసమే రాశారు. పిట్ట ఊరికే తేనె తాగిపోదు. దాని నుదుటికీ ముక్కుకీ అంటిన పుప్పొడిని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేరవేస్తుంది. అంటే తిన్న ఇంటికి పని చేసిపెట్టే పోతుందన్నమాట.

ఇక అసలు విషయం. తేనెపిట్టను పిలవాలంటే ఏం చేయాలి? ఒక్క మాటలో చెప్తాను. దాన్ని పూటకు వచ్చే చుట్టంగా కాదు, కాపురానికి వచ్చే పిల్లగా చూడాలి. చుట్టానికి మిఠాయి చాలు. కాపురానికి మాత్రం ఏడాది పొడుగునా తిండి, నీళ్లు, ఇల్లు కట్టుకునే సామాను, పిల్లలకు బలమైన ఆహారం, ఇవన్నీ కావాలి.

మొదటిది తిండి. ఒకే నెలలో విరగబూసి ఊరుకునే చెట్టు కాకుండా, ఒకటి ఆగేసరికి ఇంకొకటి అందుకునేట్టు నాటుకోవాలి. హోలీ నాటికి ఎల్లారెడ్డి దారిలో మోదుగలు నిప్పు పెట్టినట్టు పూస్తాయి. మనం రంగు కాచుకునే ఆ పూలే ఆ రోజుల్లో తేనెపిట్టకు పండుగ భోజనం. బూరుగ కూడా అప్పుడే పూస్తుంది. అవి పెరట్లో పట్టవు గాని, అవి రాలిపోయాక పిట్ట ఊళ్లోకి వచ్చేసరికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి. దానిమ్మ, మునగ, అరటి ఉంటే మనకూ కూరా పండూ, దానికీ తేనె. వానాకాలంలో నూరు వరహాలు, మెట్టతామర. వానలు వెనకబట్టాక ఖాళీ జాగాల్లో నారింజరంగు బంతుల్లా పూసే రణభేరిని పిచ్చిమొక్క అని పీకేస్తాం. దాన్నొక మూల ఉండనివ్వండి, పిట్టలు దాని చుట్టే తిరుగుతాయి. చలికాలంలో అడ్డసరం ఉంది. దగ్గుకు కషాయం పెట్టుకునే మొక్కే.

మందారం ఎలాగూ ఉంటుంది. అయితే రేక మందారం పెట్టుకోండి. ముద్ద మందారం చూపుకు నిండుగా ఉన్నా, అన్ని రేకల మధ్య నుంచి తేనె దాకా ముక్కు వెళ్లడం కష్టం. ఒక్కోసారి పిట్ట పువ్వు మొదట్లో పక్కనుంచి పొడిచి తేనె లాగేస్తుంది. పువ్వుకు చిల్లు పడిందని విసుక్కోకండి.

"మాకు పెరడెక్కడిదమ్మా, మేముండేది రెండో అంతస్తు" అంటారా? హమేలియా అని నర్సరీల్లో దొరుకుతుంది. సన్నని గొట్టాల్లాంటి ఎర్రని పూలు గుత్తులు గుత్తులుగా దాదాపు ఏడాదంతా పూస్తుంది. దాని పుట్టిల్లు కూడా అమెరికా ఖండమే. అక్కడ హమ్మింగ్ పిట్టలను పోషించే మొక్క ఇక్కడ మన తేనెపిట్టలను పోషిస్తోంది! పాత బకెట్టు అడుగున చిల్లులు పెట్టి మట్టి నింపినా బతుకుతుంది. పక్కన ఒక నూరు వరహాల కుండీ, కిటికీ కమ్మీకి వేలాడేట్టు రసెలియా ఉంటే చాలు. ఎండ మాత్రం తగలాలి.

రెండోది నీళ్లు. తేనెపిట్ట తడి ఆకుల మీద ఒళ్లు రాసుకుని స్నానం చేస్తుంది. పొద్దున మొక్కలకు నీళ్లు పోసేటప్పుడు ఆకుల మీద కూడా నాలుగు చెంబులు చిలకరించండి. ఆ ముచ్చట చూసి తీరాలి.

మూడోది ఇల్లు. ఇక్కడే మనవల్ల పెద్ద పొరపాటు జరుగుతుంది. ఈ పిట్ట గూడు చూడ్డానికి గూడులా ఉండదు. కొమ్మ చివరో, కరెంటు తీగకో, వరండాలో దండేనికో ఏదో చెత్త తట్టుకుని వేలాడుతున్నట్టు ఉంటుంది. గడ్డిపరకలు, ఎండుటాకులు, బెరడు తునకలను సాలెగూటి దారాలతో కుట్టి ఆడపిట్ట కడుతుంది. పక్కన చిన్న ద్వారం, దాని మీద వాన పడకుండా చూరు కూడా! లోపల సాధారణంగా రెండు గుడ్లు. గుడ్డు పెట్టింది మొదలు పిల్లలు ఎగిరిపోయేదాకా సుమారు నెల పడుతుంది. మరి వీటి గూళ్లు ఎక్కువగా కనిపించేది ఎండాకాలంలో. మనం ఉగాదికి బూజులు దులిపి, సున్నాలు వేసేదీ అప్పుడే. బూజుకర్ర ఎత్తేముందు వేలాడే చెత్తను ఒక్క నిమిషం దూరంగా నిలబడి చూడండి. పిట్ట వచ్చిపోతుంటే ఆ మూలను ఒక నెల వదిలెయ్యండి. పెరటి గోడ మీద నాలుగు సాలెగూళ్లు ఉంటే ఇంటికి దరిద్రం ఏమీ పట్టదు, అవి దానికి ఇంటి సామాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఇలాంటి అడవి పిట్టలకూ వాటి గుడ్లకూ రక్షణ ఇచ్చింది.

నాలుగోది, నేను నష్టపోయి నేర్చుకున్నది. సీసా తీసేసి మొక్కలు పెట్టిన మరుసటి ఏడు మా దండెం చివర గూడు కట్టింది. బట్టలు ఇంకోచోట ఆరేసుకున్నాం. పిల్లలు బయటపడి కిచకిచమంటుంటే మా ఇంట్లో పండుగలాగే ఉంది. ఇంతలో మందారానికి తెల్లగా పిండినల్లి పట్టింది. అంగట్లో ఇచ్చిన పురుగుమందు తెచ్చి, మొక్క తేటపడుతుందని నా చేత్తోనే కొట్టాను. గూటి మీద చుక్క పడకుండా జాగ్రత్తగానే కొట్టాననుకున్నాను. తల్లి ఆ మందారం మీదే పురుగులు ఏరుకుంటున్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. మూడో రోజుకు గూట్లోంచి చప్పుడు లేదు. తల్లి రెండు రోజులు వచ్చి, ద్వారం దగ్గర వాలి, ఏదో నోట పెట్టుకునే వెనక్కి పోయేది. తర్వాత అదీ రాలేదు. "ఏందక్కా, ఉత్త గూటిని గంత సేపు జూస్తున్నవు?" అని పక్కింటామె అడిగితే నాకు నోట మాట రాలేదు. మందువల్లే పోయినయ్ అని నేను రుజువు చేయలేను. కానీ ఆ డబ్బా మళ్లీ మా గడప తొక్కలేదు.

తేనెపిట్ట అంటే తేనె ఒక్కటే తాగుతుందనుకుంటాం. అది సాలీళ్లను, చిన్న పురుగులను కూడా తింటుంది. పిల్లలకైతే ముఖ్యంగా పెట్టేది అవే. తేనెలో తీపి ఉంటుంది గాని, ఒళ్లు పెరగడానికి కావలసిన మాంసకృత్తులు ఉండవు. చంటిపిల్లకు చక్కెర నీళ్లు పట్టి పెంచగలమా? ఇదీ అంతే. అందుకే సీసా కన్నా చెట్టు మేలు. చెట్టు మీద తేనెతో పాటు పురుగూ దొరుకుతుంది. పైగా మన ఎండలకు చక్కెర నీళ్లు ఒక్క పూటలో పులిసిపోతాయి. రోజూ కడిగి మార్చలేనివాళ్లు సీసా జోలికి పోకపోవడమే మంచిది.

మరి పిండినల్లి పడితే? బాగా పట్టిన చివుళ్లు తుంచి దూరంగా పారేయండి. మిగతా కొమ్మలను నీళ్ల ధారతో గట్టిగా కడగండి. అప్పటికీ లొంగకపోతే లీటరు నీళ్లకు ఒక చెంచా వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. గూడు ఉన్న నెలలో అదీ వద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. చీమలు పిండినల్లిని మోసుకుతిరుగుతాయి కాబట్టి వాటి దారి కూడా చూసుకోండి.

చివరగా ఒక చిన్న మాట. మగపిట్ట అద్దంలో తన నీడను చూసి వేరే మగపిట్ట వచ్చిందని పొద్దంతా దానితో పోట్లాడుతుంది. అలసిపోయేదాకా మానదు. స్కూటరు అద్దం మీద ఒక పాత గుడ్డ కప్పితే ఆ జగడం తీరిపోతుంది.

కిందటేడు మా దండేనికి మళ్లీ గూడు వేలాడింది. అదే పిట్టో, వేరే పిట్టో! ఈసారి రెండు పిల్లలూ ఎగిరిపోయినయ్. ఒకటి ఎగరబోయి మందారం కొమ్మ మీద పడి, కాసేపు అక్కడే వణుకుతూ కూర్చుని, తర్వాత తల్లి వెంట పక్కింటి మునగచెట్టు మీదికి వెళ్లింది. ఎర్రమూత సీసా ఇప్పుడు మా వంటింట్లో ఉంది, అందులో ఆవాలు పోసుకున్నాను.

మీ ఇంట్లోనూ ఒక కుండీ పెట్టి చూడండి. సెలవు.