వంద సీసీయా, నూట పాతికా? గన్నవరం రోడ్డు మీద ఒక లెక్క

బండి కొనబోయే ఇంట్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎంతిస్తుంది?" 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్కను మన ఇళ్ళకు అలవాటు చేసింది. 1994లో వచ్చిన స్ప్లెండర్ ఆ లెక్కను పాతుకుపోయేలా చేసింది. మైలేజీ అడగాల్సిందే. కానీ వంద సీసీ, నూట పాతిక సీసీ బళ్ళలో ఒకటి తేల్చుకోవాల్సి వస్తే ముందు అడగాల్సింది వేరే ఉంది. రోజూ ఆ బండి మీద ఎక్కేది ఎందరు? వెళ్ళేది ఏ రోడ్డున? ఎందుకో అంకెలే చెబుతాయి.

మైలేజీ సంగతి ముందు తేల్చేద్దాం. గన్నవరం నుంచి బెజవాడ బెంజి సర్కిల్ సుమారు 20 కిలోమీటర్లు. రానూపోనూ 40. నెలకు 25 రోజులు తిరిగితే వెయ్యి, ఏడాదికి 12,000. వంద సీసీ బండి లీటరుకు 65, నూట పాతిక 55 ఇస్తుందనుకుందాం. పెట్రోలు లీటరు 110 రూపాయలు వేసుకుందాం. వంద సీసీ బండికి ఏడాదికి 185 లీటర్లు, అంటే 20,300 రూపాయలు. నూట పాతికకు 218 లీటర్లు, 24,000 రూపాయలు. తేడా ఏడాదికి 3,700, నెలకు 308. మూడు లీటర్ల పెట్రోలు కూడా రాదు. ట్యాంకుల్లో చెప్పుకుంటే, స్ప్లెండర్‌లో పట్టే 9.8 లీటర్లతో దాదాపు 16 రోజులు తిరగొచ్చు. హోండా షైన్ 125లో పట్టే 10.5 లీటర్లతో 14 రోజులు.

మరి కంపెనీవాళ్ళు ఇంతకంటే ఎక్కువ చెబుతారు కదా అనొచ్చు. వాళ్ళు చెప్పే అంకె పరీక్షశాలలో బండిని రోలర్ల మీద నడిపి, నిర్ణయించిన వేగాల ప్రకారం తీసింది. అక్కడ ఎదురుగాలి ఉండదు, వెనక మనిషి ఉండడు, రామవరప్పాడు రింగు దగ్గర ఆగి ఉన్న వాహనాల వరసా ఉండదు. అందుకే ఆ అంకెను బండికీ బండికీ పోల్చుకోవడానికి వాడండి, నెల ఖర్చు వేసుకోవడానికి వద్దు. మీ బండి నిజంగా ఎంతిస్తుందో తెలియాలంటే ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ అక్కడే అంతే మట్టానికి పోయించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే చాలు.

ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి కూడా చాలామందికి అనుమానం ఉంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం నిజమే. 20 శాతం కలిపితే, పాత పద్ధతిలో తయారైన ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. 65 ఇచ్చే బండి 63 దాకా వస్తుందన్నమాట. వందకూ నూట పాతికకూ ఒకేలా తగ్గేది కాబట్టి ఎంపిక దీంతో మారదు.

ఇక అసలు విషయం, బలం. షోరూంలో ఇచ్చే కాగితంలో "8.02 పీఎస్" లాంటి అంకె ఉంటుంది. పీఎస్ అంటే హార్స్‌పవర్ కొలతే. 75 కిలోల బరువును సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగలిగితే అది ఒక పీఎస్. మన డెల్టాలో ధాన్యం బస్తా 75 కిలోలే కదా. 8.02 పీఎస్ ఉన్న స్ప్లెండర్ ఇంజిను మొత్తం బలం పెడితే ఎనిమిది బస్తాలను సెకనులో మీటరు ఎత్తు లేపుతుంది. 7.38 పీఎస్ ఉన్న షైన్ 100 ఏడు బస్తాల పైచిలుకు లేపితే, 10.74 పీఎస్ ఉన్న షైన్ 125 పదిన్నర బస్తాలు దాటి లేపుతుంది. ఆ పక్కనే టార్క్ అని ఇంకో అంకె ఉంటుంది. అది చక్రాన్ని తిప్పే బలం. షైన్ 100లోనూ స్ప్లెండర్‌లోనూ అది 8.05 న్యూటన్ మీటర్లే. అయితే షైన్ 100 ఆ బలాన్ని ఇంజిను నిమిషానికి 5,000 సార్లు తిరిగేటప్పుడే ఇస్తుంది, స్ప్లెండర్ 6,000 దగ్గర ఇస్తుంది. అంటే ఎక్కువ రేజ్ ఇవ్వకుండానే షైన్ 100 లాగుతుంది. బరువులో కూడా అది 13 కిలోలు తక్కువ: 99 కిలోలు, స్ప్లెండర్ 112. పీఎస్ తక్కువగా ఉన్నా ఊళ్ళో తిరిగేటప్పుడు అది చురుగ్గా అనిపించడానికి కారణం ఇదే.

అయితే బలం ఒక్కటే చూస్తే సగం లెక్కే. అది మోయాల్సిన బరువుతో కలిపి చూడాలి. స్ప్లెండర్ మీద 70 కిలోల మనిషి ఒక్కడే ఉంటే మొత్తం 182 కిలోలు. టన్నుకు లెక్కగడితే 44 పీఎస్. వెనక ఇంకొకరు ఎక్కి, ఒక పది కిలోల సంచి తగిలిస్తే 262 కిలోలు. టన్నుకు 31 పీఎస్‌కు పడిపోతుంది. ఒక మనిషీ ఒక సంచీ ఎక్కితే దాదాపు మూడో వంతు బలం పోయినట్టే. అదే ఇద్దరూ, అదే సంచీ షైన్ 125 మీద ఎక్కితే టన్నుకు దాదాపు 41 పీఎస్. అంటే నూట పాతిక మీద ఇద్దరు వెళ్ళడం, దాదాపు వంద సీసీ మీద ఒక్కరే వెళ్ళినంత తేలిక. ఈ ఒక్క పోలిక పట్టుకుంటే చాలా ఇళ్ళల్లో తగువు తీరిపోతుందని నా నమ్మకం.

దీని అర్థం రోడ్డు మీదే కనిపిస్తుంది. నిడమానూరు దాటాక ముందు ఇసుక లారీ, వెనక బస్సు హారన్. వంద సీసీ బండి మీద భర్త, వెనక పక్కకు తిరిగి కూర్చున్న భార్య, ఇద్దరి మధ్య బడి సంచితో పిల్లాడు. నాలుగో గేరులో రేజ్ ఇస్తే బండి లాగదు. మూడులోకి దించితే ఇంజిను గింజుకుంటుంది, వేగం మాత్రం నిదానంగా పెరుగుతుంది. ఈలోగా లారీ పక్కనే నాలుగైదు సెకన్లు ఎక్కువ గడపాలి. ఆ సెకన్లే ప్రమాదం. బండి మీద ముగ్గురు ఎక్కడమే తప్పు, చట్టం కూడా ఒప్పుకోదు. అయినా మన రోడ్ల మీద రోజూ చూస్తున్నదే కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

వేగం పెరిగితే గాలి కూడా శత్రువే. గాలిని చీల్చుకుని పోవడానికి కావాల్సిన బలం వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. గంటకు 50లో గాలికి ఎంత బలం కావాలో, 80లో దానికి నాలుగు రెట్లు కావాలి. ఎనిమిది పీఎస్ బండికి 80 దగ్గర దాదాపు ఉన్న బలమంతా ఖర్చయిపోతుంది, దాటి వెళ్ళడానికి చేతిలో ఏమీ మిగలదు. కిలోమీటరుకు గాలితో పడే పెనుగులాట కూడా రెండున్నర రెట్లవుతుంది కనుక మైలేజీ పడిపోతుంది. మన డెల్టా నేలంతా చదును, ఎత్తు అంటే ఫ్లైఓవర్లే. అందుకని 50, 55 దాటని మనిషికి, ఒక్కడే వెళ్ళేవాడికి వంద సీసీ నిజంగానే సరిపోతుంది.

ధర దగ్గరికి వద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు షోరూం ధర 80,000 ఉన్న బండి 73,750కి రావాలి. 6,250 తగ్గుదల అంటే, పైన చెప్పిన మైలేజీ తేడాను ఇరవై నెలల పాటు పూడ్చే సొమ్ము. షోరూం ధర వేరు, ఆన్‌రోడ్ వేరు అన్నది మీకు తెలిసిందే. మధ్యలో జీవిత పన్ను, రిజిస్ట్రేషన్, బీమా చేరతాయి. జీవిత పన్ను ధరలో శాతం కాబట్టి ఖరీదైన బండికి అదీ పెరుగుతుంది. ఎదుటివారి నష్టానికి చేయించే థర్డ్ పార్టీ బీమా మాత్రం అలా కాదు. కొత్త బండికి ఐదేళ్ళదీ ఒకేసారి కట్టాలి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో 75 నుంచి 150 సీసీ దాకా అంతా ఒకటే తరగతి: 3,851 రూపాయలు, దానిపై పన్ను. వందకైనా నూట పాతికకైనా అంతే.

కొటేషన్‌లో ప్రతి పద్దూ విడివిడిగా రాయించుకోండి. చీర చక్రంలో పడకుండా ఉండే గార్డు, వెనకవాళ్ళు పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే మెట్టు 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం బండితో పాటే ఉండాల్సినవి. 138వ నియమం ప్రకారం కొనేటప్పుడు హెల్మెట్ కూడా ఇవ్వాలి. ఇవి "ఎక్స్‌ట్రా ఫిటింగ్స్" కింద కనిపిస్తే అడగండి, మొహమాటపడొద్దు.

ఇక ఫైనాన్స్. మైలేజీ గురించి గంటసేపు బేరమాడి, వడ్డీ గురించి ఒక్క ప్రశ్న అడగకుండా సంతకం పెట్టేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. 80,000 అప్పు, మూడేళ్ళు, "10 శాతమే" అంటారు. అది ఫ్లాట్ వడ్డీ అయితే, తీర్చేసిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. మొత్తం వడ్డీ 24,000, నెల వాయిదా 2,889. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గే పద్ధతిలో చూస్తే ఇది దాదాపు 18 శాతంతో సమానం. అదే అప్పు తగ్గే పద్ధతిలో 11 శాతానికి దొరికితే వాయిదా 2,619, మొత్తం వడ్డీ సుమారు 14,300. తేడా 9,700. వంద సీసీ బండి పెట్రోలులో అంత మిగల్చాలంటే రెండున్నరేళ్ళకు పైగా పడుతుంది. "ఫ్లాటా, రెడ్యూసింగా?" అని అడిగితే చాలు.

మరి నూట పాతికకు పెట్టే అదనపు సొమ్ము ఎంత? ఒకే కంపెనీ వందకూ నూట పాతికకూ ఆన్‌రోడ్ తేడా 18,000 అనుకుందాం. ఐదేళ్ళ పెట్రోలు తేడా 18,500. కలిపితే 36,500. అరవై వేల కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు 61 పైసలు, నెలకు సుమారు 600. హైవే మీద రోజూ ఇద్దరు వెళ్ళే ఇంటికి ఇది దండగ కాదు, పెట్టాల్సిన ఖర్చే. ఉంగుటూరు నుంచి గన్నవరం దాకా ఒక్కడే వచ్చి వెళ్ళే గుమాస్తాకు, పొలానికీ ఇంటికీ మధ్య తిరిగే రైతుకు ఆ 600 అక్కర్లేదు. పాల క్యాన్లు, గడ్డిమోపులు మోసేవాళ్ళ లెక్క ఇంకోటి. నింపిన 40 లీటర్ల క్యాన్లు రెండు తగిలిస్తే పాల బరువే 80 కిలోలు దాటుతుంది, అంటే ఒక మనిషి ఎక్కినట్టే. వాళ్ళకు వేగం కంటే తక్కువ రేజ్‌లో లాగే బలం ముఖ్యం. ఊళ్ళల్లో ఎక్సెల్ మోపెడ్ ఇన్నేళ్ళుగా నిలబడింది అందుకే.

కొంచెం ఎక్కువ పెట్టగలిగితే స్టిక్కర్లకూ అల్లాయ్ చక్రాలకూ కాకుండా ముందు చక్రానికి డిస్క్ బ్రేకుకు పెట్టండి. 125 సీసీ దాకా బళ్ళకు కనీసం సీబీఎస్ ఉండాలన్న నియమం 2019 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పడే ఏర్పాటు అది. మేలే, కానీ 40లో కంటే 60లో బండి ఆగడానికి రెండుంబావు రెట్ల దూరం కావాలి. వేగంగా వెళ్ళగలిగే బండికి గట్టి బ్రేకు కూడా ఉండాలి.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్ళకండి. రోజూ వెనక ఎక్కేవాళ్ళను ఎక్కించుకుని, ఖాళీగా ఉన్న సర్వీసు రోడ్డు మీద మూడో గేరులో 30 నుంచి 50కి ఎన్ని సెకన్లలో వస్తుందో లెక్కపెట్టించండి. తర్వాత రెండో బండి మీద అదే చేయండి. దిగాక వెనక కూర్చున్నవాళ్ళను సీటు గురించి, కాలు పెట్టుకునే చోటు గురించి అడగండి. వాళ్ళు చెప్పేది ఏ కాగితంలోనూ రాసి ఉండదు.